హాస్టల్లో ఉంటూ బండి మీద తినడం పూర్తిగా మానేయాలా? మంచి బండిని ఎలా గుర్తుపట్టాలి?

మీ ప్రశ్న ఒకసారి మళ్లీ చెప్తా, సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్-2 కోచింగ్, ఉండేది హాస్టల్లో, మెస్ కూర నోట్లో పెట్టుకోలేక సాయంత్రం, రాత్రి బండ్ల మీదే కానిచ్చేస్తున్నారు. మూడు నెలల్లో రెండుసార్లు జ్వరం, విరేచనాలు. రెండుసార్లూ విడాల్ టెస్ట్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. అదే బండి మీద మీతోపాటే తిన్న రూమ్మేట్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఇంట్లోవాళ్లేమో రోజూ ఫోన్ చేసి బయట తినొద్దంటున్నారు. పూర్తిగా మానేయాలా, లేదంటే ఏ బండి మంచిదో ఎలా తెలుస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్పేస్తా. బండి మీద తినడం మానక్కర్లేదు. మీ కళ్ల ముందు పొయ్యి దిగి పొగలు కక్కుతూ ప్లేట్లో పడేది తినండి. పొయ్యి మొహమే చూడనిదీ, పొయ్యి దిగి గంటలు గడిచినదీ వదిలేయండి. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఇంకో రెండు మాటలున్నాయి. మీకు రెండోసారి వచ్చింది టైఫాయిడే అని నాకు నమ్మకం కలగట్లేదు, ఎందుకో కింద చెప్తా. ఇంకోటి, టైఫాయిడ్ టీకా వేయించుకోండి, హాస్టల్లో ఉండే పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే.

నేను జనరల్ ఫిజీషియన్‌ని, హైదరాబాద్‌లో హాస్టళ్లు కిక్కిరిసి ఉండే ఒక ఏరియాలో 16 ఏళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతున్నా. వానాకాలం మొదలైతే సాయంత్రం ఓపీలో సగం మంది పొట్ట పట్టుకుని వచ్చే స్టూడెంట్సే. కానీ ఈ విషయం మీద నాకు మెడికల్ కాలేజీ నేర్పినదానికన్నా ముందు మా మేనమామ టిఫిన్ బండి నేర్పింది ఎక్కువ. తెనాలిలో ఉండేది ఆయన బండి. ఇంటర్ అయ్యేదాకా నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి, ప్లేట్లు కడిగేవాణ్ని, చట్నీ పోసేవాణ్ని, డబ్బులు తీసుకునేవాణ్ని, మూడూ ఒకే చేత్తో. అప్పట్లో అది తప్పని ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు.

ఆ బండి సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మీరు ఇప్పుడు తినే బండ్లు కూడా దాదాపు అలానే నడుస్తాయి. తెల్లారుజామున 4 గంటలకి అత్తయ్య పల్లీలు వేయించి, కొబ్బరి కోరి చట్నీ రుబ్బేది. ఇడ్లీలు బండి మీదే ఉడికేవి, పెనం ఆరున్నరకల్లా సలసలా కాలుతుండేది. ఇడ్లీతోగానీ దోశతోగానీ ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు, ఆవిరికి ఉడికి మూత తీయగానే ప్లేట్లో పడేదాంట్లో జబ్బు చేసేంతగా క్రిములు మిగలవు. ఇబ్బందంతా రెండు చోట్ల ఉండేది. ఒకటి చట్నీ బకెట్టు. పొద్దున 4కి రుబ్బింది పదిన్నర దాకా అలా ఎండలోనే ఉండేది, మధ్యలో చిక్కబడితే డ్రమ్ములో నీళ్లు ఒక చెంబు పోసి తిప్పేవాళ్లం. రెండోది కడుగుడు బకెట్లు. రెండు పెట్టేవాళ్లం, మొదటిదాంట్లో ఎంగిలి వదిలించి రెండోదాంట్లో ముంచి తీయడం. ఎనిమిది అయ్యేసరికి ఆ రెండో బకెట్టు కూడా కుడితిలాగే అయ్యేది, పంపు వచ్చేది గంటసేపే కాబట్టి మార్చడానికి నీళ్లుండేవి కావు. అందులో ముంచిన ప్లేటే, తడి కూడా ఆరకుండా, తర్వాతి మనిషి చేతికి వెళ్లేది.

మావయ్యని తప్పు పట్టడానికి చెప్పట్లేదు ఇది. నేను ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో మైక్రోబయాలజీ చదివి ఇంటికెళ్లి ఇదంతా చెప్తే ఆయన రెండే పనులు చేశాడు, ప్లేటు మీద అరిటాకు ముక్క వేయడం మొదలుపెట్టాడు, చట్నీ రెండు విడతలుగా రుబ్బించాడు. పెద్ద ఖర్చు కూడా కాలేదు. బండివాళ్లు మనం చెప్తే వినరు అని చాలామంది అంటారు గానీ, వినే మనుషులే ఎక్కువ, మర్యాదగా చెప్పేవాళ్లు తక్కువ.

సరే, అసలు పొయ్యికి అంత ప్రాధాన్యం ఎందుకిచ్చానంటే. ఆహారం 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ క్రిములకి పండగే. వీలైన వేడీ తడీ దొరికితే వీటిలో చాలావాటికి 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే సత్తా ఉంది, ఒక్కటి 7 గంటల్లో 20 లక్షలు దాటిపోతుంది. మన ఊళ్లలో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వాతావరణమే వాటికి సరిపోతుంది. కాబట్టి "బండి ఎంత శుభ్రంగా కనిపిస్తోంది" కన్నా "ఇది పొయ్యి దిగి ఎంతసేపైంది, దిగాక దీన్ని ఏం తాకింది" అనేది అడగాల్సిన ప్రశ్న. మురిక్కాలవ పక్కన ఉన్న బండి మీద అప్పుడే మూకుట్లోంచి తీసిన మిర్చి బజ్జీ, ఏసీ షాపులో మధ్యాహ్నం చేసి అద్దాల వెనక పెట్టిన శాండ్‌విచ్ కన్నా మీ పొట్టకి నయం కావచ్చు. చూడ్డానికి అలా అనిపించదు, కానీ అంతే.

ఇప్పుడు మీరు రోజూ తినేవాటికి వద్దాం.

ఇడ్లీ, దోశ, పూరీ, బజ్జీ, పునుగులు, ఆమ్లెట్, వీటికి వేడిగా ఉన్నంతసేపూ ఢోకా లేదు. చట్నీల్లో మాత్రం వేడి సాంబారు ఉంటే అది పోయించుకోండి, కారప్పొడి నెయ్యి ఉంటే ఇంకా మంచిది, కొబ్బరి చట్నీ పొద్దున ఏడూ ఎనిమిదింటికైతే సరే, పదిన్నరకి వద్దు. బజ్జీల మీద చల్లే పచ్చి ఉల్లిపాయలు, కట్ మిర్చీ మీద పోసే నిమ్మరసం, కొత్తిమీర, ఇవి పొయ్యి చూడవు. ఉల్లిపాయ లేకుండా కట్ మిర్చీ ఏంటి అంటారని తెలుసు, అప్పుడే కోసి వేస్తుంటే తినండి, పొద్దున కోసి గిన్నెలో పెట్టిందైతే వద్దనండి. నిమ్మకాయ, కారం క్రిముల్ని చంపేస్తాయనేది నమ్మకం మాత్రమే, దాని మీద ఆధారపడకండి.

పానీపూరీ గురించి నేను కఠినంగానే ఉంటా. పూరీలో తప్పు లేదు, ఆ నీళ్లే. కాచని నీళ్లు, పైన ఐసు, అందులో మణికట్టు దాకా మునిగే చెయ్యి, ఆ చేత్తోనే పది రూపాయల నోటు. 2022 జులైలో తెలంగాణ ప్రజారోగ్య డైరెక్టర్‌గా ఉన్న జి. శ్రీనివాసరావు గారు టైఫాయిడ్‌ని పానీపూరీ జబ్బు అనొచ్చని అన్నప్పుడు చాలామంది నవ్వారు. ఆ నెలల్లో మా క్లినిక్‌కి వచ్చిన పిల్లల్ని చూసినవాణ్ని, నాకు నవ్వు రాలేదు. బతికున్న టైఫాయిడ్ రోగి మలం నుంచి క్రిమి నీళ్లలోకో, చేతి మీదికో చేరడమే దీనికి దారి, జబ్బు తగ్గిపోయి హాయిగా తిరుగుతున్నవాళ్లలో కూడా కొద్దిమంది పిత్తాశయంలో ఆ క్రిమి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆ మనిషికి తనలో అది ఉందని కూడా తెలీదు. మీకు మరీ మనసు లాగితే మినరల్ వాటర్ క్యాను కళ్లెదుట కనిపిస్తూ, ఐసు వేయకుండా, గరిటెతో పోసేచోట తినండి, వానాకాలం నాలుగు నెలలూ అదీ వద్దు.

ఇక రాత్రి ఫ్రైడ్ రైస్. వేడి వేడి పెనం, భగభగ మంట, ఇదీ సేఫే కదా అనుకుంటారు. కాదండి, ఇక్కడే అందరూ మోసపోయేది. మూడేళ్ల కిందట ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ముగ్గురు బీటెక్ కుర్రాళ్లు ఒకే ఆటోలో వచ్చారు, ముగ్గురికీ ఆగని వాంతులు, జ్వరం లేదు, విరేచనాలు పెద్దగా లేవు. పదిన్నరకి ముగ్గురూ ఒకే బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్ తిన్నారు. నాలుగోవాడు వాళ్లని తీసుకొచ్చినవాడు, వాడు ఆ పక్క పెనం మీద ఎగ్ దోశ తిన్నాడు, వాడికేం కాలేదు. అన్నం వండేది మధ్యాహ్నం మూడింటికి, పెద్ద బేసిన్లో గుట్టగా పోసి ఆరబెడతారు, ఎందుకంటే వేడి అన్నం పెనం మీద ముద్దయిపోతుంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నపు గుట్టలో మళ్లీ మొలకెత్తి విషం తయారు చేస్తాయి, ఆ విషం ఎంత వేయించినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు. అదృష్టం ఏంటంటే ఇది మామూలుగా 24 గంటల్లో దానంతటదే తగ్గిపోతుంది, ఆ కుర్రాళ్లు కూడా మర్నాడు మధ్యాహ్నానికి లేచి కూర్చున్నారు. నూడుల్స్‌కీ ఇదే లెక్క. తినాలనుంటే ఏడున్నర, ఎనిమిదింటికి తినండి, బేసిన్ అడుగున మిగిలిన అన్నం పదకొండింటికి వద్దు.

మయోనైజ్ విషయం మీకు తెలిసే ఉంటుంది. 2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిన్న ఒకావిడ చనిపోయింది, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, అదే నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. కేరళ ప్రభుత్వం 2023లోనే ఆ పని చేసింది. అంతకుముందు 2022 మేలో కాసర్‌గోడ్ జిల్లా చెరువత్తూరులో షవర్మా తిన్న 16 ఏళ్ల విద్యార్థిని చనిపోతే, అక్కడ దొరికిన క్రిమి షిగెల్లా. దాని సంగతేంటంటే జబ్బు చేయడానికి లక్షల్లో అక్కర్లేదు, పదులో వందో క్రిములు చాలు. షవర్మా తినేటప్పుడు ఆ నిలువు కడ్డీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి, బయటి పొర కాలి ఉంటుంది, వేగంగా కోసేస్తుంటే లోపలి పచ్చి మాంసం కూడా వచ్చేస్తుంది. కోసిన ముక్కల్ని మళ్లీ పెనం మీద వేసి కాల్చి ఇస్తేనే తీసుకోండి, మయోనైజ్ వద్దనండి. నిషేధం ఉన్నా లేకపోయినా నా సలహా మారదు.

కోసి కవర్లో పెట్టిన పుచ్చకాయ, పైనాపిల్ ముక్కలు, చెరకు రసంలో ఐసు, ఇవీ వదిలేయండి. అరటిపండు, బత్తాయి, కొబ్బరిబొండాం ఉన్నాయి కదా, తొక్క తీసుకుని తినేవే మనకి నయం. చాయ్ మరిగేదే కాబట్టి భయం లేదు, గ్లాసు కడిగే నీళ్లు చూసి అనుమానం వస్తే పేపర్ కప్పు అడగండి.

మంచి బండిని ఎలా గుర్తుపట్టాలి అన్నారు. నేను చేసేది చెప్తా. కొత్త బండి దగ్గర వెంటనే ఆర్డర్ చెప్పను, రెండు నిమిషాలు పక్కన నిలబడతా. ముందు డబ్బు తీసుకునే చెయ్యి, వడ్డించే చెయ్యి ఒకటేనా వేరా చూస్తా. ఇప్పుడు ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక ఇది చాలా మెరుగైంది, నోట్లు ముట్టుకోవడమే తగ్గింది. గ్లౌజులు చూసి మోసపోకండి, ఆ గ్లౌజు చేత్తోనే చెమట తుడుచుకుని, సిలిండర్ తిప్పి, మళ్లీ పూరీలో వేలు పెడితే చెయ్యికీ దానికీ తేడా లేదు. తర్వాత ప్లేటు ఎక్కడ కడుగుతున్నారో చూస్తా, పంపు కింద పారే నీళ్లా, బకెట్టులో ముంచడమా. బకెట్టైతే ప్లేటు మీద ఆకో, పాలిథీన్ కాగితమో వేస్తున్నారా అని చూస్తా. వేడి దోశ కింద పాలిథీన్ నాకు ఇష్టం ఉండదు, ఆకు దొరికితే ఆకే. తర్వాత మసిగుడ్డ. ఒకే తడిగుడ్డతో బల్లా, ప్లేటూ, చెయ్యీ తుడుస్తుంటే అక్కణ్నుంచి వచ్చేస్తా, ఆ ఒక్క గుడ్డ చూస్తే ఆ బండి సంగతంతా అర్థమైపోతుంది. ఇక రద్దీ. జనం ఎక్కువున్న బండి మీద సరుకు నిలవ ఉండదు, చేసింది చేసినట్టే అయిపోతుంది, కాబట్టి మీరు వెళ్లాల్సింది రద్దీ బండికి, రద్దీ టైంలో. ఖాళీగా ఉందని మూసేముందు వెళ్తే అడుగుబొడుగు మీకే పడుతుంది.

చిన్న బండికి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం, 14 అంకెల నంబరు ఎక్కడో అంటించి ఉంటుంది. ఉంటే మంచిదే, కానీ ఆ కాగితం చట్నీ ఎప్పుడు రుబ్బారో చెప్పదు. నూనె సంగతి కూడా చాలామంది అడుగుతారు, పదే పదే కాచిన నూనె నల్లగా, జిగటగా, పొయ్యి మీద పెట్టగానే పొగలు కక్కుతూ ఉంటే మానేయండి. అది రేపటి విరేచనాలు తెచ్చేది కాదు, ఏళ్ల మీద గుండెకి చేటు చేసేది. అలాగే న్యూస్‌పేపర్‌లో బజ్జీలు చుట్టించుకోకండి, ఆ సిరాలో సీసం లాంటివి ఉంటాయని 2023లో ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా గట్టిగా హెచ్చరించింది. మీ టిఫిన్ డబ్బా పట్టుకెళ్తే ఏ బండివాడూ కాదనడు.

రూమ్మేట్‌కి ఎందుకు కాలేదు అనేది నిజంగా మంచి ప్రశ్న. ఒకే గిన్నెలోంచి పెట్టినా అందరి ప్లేట్లోకీ అన్నే క్రిములు రావు. చిన్నప్పుడే ఒకసారి వచ్చి పోయి ఉంటే కొన్నాళ్లు కాస్త తట్టుకునే శక్తి ఉంటుంది. వీటితోపాటు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటుంది: మీరు రోజూ గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుంటున్నారా? హాస్టల్ పిల్లల్లో ఇది విపరీతం, మెస్ కారానికి కడుపులో మంట అని మెడికల్ షాపులో పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ కొనుక్కుని నెలల తరబడి పరగడుపున వేసేస్తుంటారు. పొట్టలో యాసిడ్ మనకి కాపలా లాంటిది, నోట్లోంచి వెళ్లిన క్రిముల్లో చాలావాటిని అదే చంపేస్తుంది. దాన్ని రోజూ మందు పెట్టి తగ్గించేస్తే కొద్దిపాటి క్రిములు కూడా పేగుదాకా వెళ్లిపోతాయి. డాక్టరు రాసి ఇవ్వకుండా వాడుతుంటే ఈ వారమే ఒకసారి చూపించుకుని మానేసే ఏర్పాటు చేసుకోండి.

ఇంకో మాట, నేరమంతా బండి మీదికే తోయకండి. టైఫాయిడ్ క్రిమి ఒంట్లోకి వెళ్లాక జ్వరం రావడానికి మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కొందరికి మూడు. అంటే "నిన్న రాత్రి పానీపూరీ తిన్నా, ఈ రోజు టైఫాయిడ్ వచ్చింది" అనేది జరగని పని. ఆ రెండు వారాల్లో మీరు తాగిన నీళ్లు ఎక్కడివి? ఒక లేడీస్ హాస్టల్ నుంచి ఒక సెప్టెంబరులో పది రోజుల తేడాలో నలుగురు అమ్మాయిలు పచ్చకామెర్లతో వచ్చారు, హెపటైటిస్ ఎ. నలుగురూ సమోసా బండినే తిట్టుకుంటున్నారు. హెపటైటిస్ ఎ రావడానికి సగటున 28 రోజులు పడుతుంది, నెల కిందటి సంగతి అడిగితే ఆ నలుగురిలో ఇద్దరు అసలు బయట తినేవాళ్లే కాదు. నలుగురికీ ఉమ్మడిగా ఉంది హాస్టల్ వరండాలో నీళ్ల డ్రమ్ము, కుళాయి పాడైపోయి అందరూ చేతిలో గ్లాసు డ్రమ్ములోనే ముంచి నీళ్లు తీసుకుంటున్నారు. కుళాయి బాగు చేయించి, డ్రమ్ము కడిగించాక ఆ హాస్టల్ నుంచి ఇంకో కేసు రాలేదు. నలుగురిలో ఒకమ్మాయిని వాళ్లవాళ్లు ఊరికి తీసుకెళ్లి పసరు పోయించారు, తిరిగొచ్చేసరికి వాంతులెక్కువై వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. దయచేసి కామెర్లకి పసరు జోలికి వెళ్లకండి, చాలావరకు విశ్రాంతితో దానంతటదే తగ్గే జబ్బుని లివర్ మీదికి తెచ్చుకోవద్దు.

కాబట్టి మీ హాస్టల్లో 20 లీటర్ల క్యాను ఎవరు నింపుతున్నారో, ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారో ఒకసారి కనుక్కోండి. మీ బాటిల్ మీరు రోజూ కడగండి. బాత్రూం నుంచి వచ్చాక, తినేముందు సబ్బుతో చేతులు. శానిటైజర్ ఉంది కదా అంటారు, హెపటైటిస్ ఎ లాంటి వైరస్‌ల మీద దాని ప్రభావం తక్కువ, సబ్బూ నీళ్లే మేలు. చిన్న సబ్బు ముక్క డబ్బీలో వేసి బ్యాగులో పెట్టుకుంటే ఐదు రూపాయల ఖర్చు కూడా కాదు.

ఇప్పుడు మీ విడాల్ రిపోర్టుల సంగతి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. విడాల్ టెస్ట్ క్రిమిని చూడదు, క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలని చూస్తుంది. టైఫాయిడ్ తరచూ తిరిగే మనలాంటి చోట ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్ల కూడా అవి ఉంటాయి, వేరే జ్వరాల్లో కూడా పెరుగుతాయి. పైగా ఒకసారి టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లకి నెలల తరబడి పాజిటివ్‌గానే కనిపించొచ్చు. మీకు మొదటిసారి వచ్చి మూడు నెలలైనా కాకుండా మళ్లీ చేస్తే పాజిటివ్ రాకపోతేనే వింత. ఇంకో పక్క, నిజంగా టైఫాయిడ్ ఉన్నవాడికి మొదటి వారంలో చేస్తే నెగటివ్ రావొచ్చు, యాంటీబాడీలు తయారవడానికే వారం పది రోజులు కావాలి. జ్వరం మొదలైన మొదటి వారంలో, యాంటీబయాటిక్ వేసుకోకముందు, బ్లడ్ కల్చర్ (రక్తంలో ఉన్న క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించాలి. అదీ నూటికి నూరుపాళ్లు పట్టదు, కానీ పడితే ఏ మందు పనిచేస్తుందో కూడా చెప్తుంది. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ వేస్తే టైఫాయిడ్ పోయేది, ఇప్పుడు మన దేశంలో చాలావరకు దానికి లొంగట్లేదు. విడాల్ పాజిటివ్ అని ఐదు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు, వేలకి వేలు బిల్లు, అసలు జ్వరమేమో డెంగీ అయి ఉండటం నేను ఒకసారి కాదు చాలాసార్లు చూశాను. ఒకబ్బాయికి అలా నాలుగు రోజులు గడిచాక నా దగ్గరికి తెస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి, సమయానికి పెద్దాసుపత్రికి పంపాం కాబట్టి బయటపడ్డాడు.

పొట్ట పాడైన రోజు ఏం చేయాలంటే, మొదట ఓఆర్ఎస్. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్ కొనండి, 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. అది దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. టెట్రా ప్యాకుల్లో తియ్యగా అమ్మేవి ఓఆర్ఎస్ కాదు, వాటిలో పంచదార ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి కూడా. దీని మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. మోషన్స్ ఆపే ట్యాబ్లెట్ జ్వరం ఉన్నప్పుడుగానీ, రక్తం పడుతున్నప్పుడుగానీ అస్సలు వేసుకోకండి. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు తినొచ్చు, లంకణం అక్కర్లేదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి: మలంలో రక్తం, 102 దాటే జ్వరం, నీళ్లు తాగినా నిలవకుండా వాంతి, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, మూడు రోజులైనా జ్వరం తగ్గకపోవడం. ఎగ్జామ్ ఉంది, టెస్ట్ సిరీస్ ఉంది అని రూములో పడుకుని ఉండిపోకండి, రూమ్మేట్‌కి ముందే చెప్పి పెట్టండి.

టీకా గురించి. టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్ అని అడగండి, ఒకే ఒక్క డోసు, చేతికి ఇంజెక్షన్. 6 నెలల పిల్లల నుంచి 45 ఏళ్ల వాళ్లదాకా వేస్తారు. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారు చేసిన టైప్‌బార్ టీసీవీకే ప్రపంచంలో మొట్టమొదట డబ్ల్యూహెచ్ఓ గుర్తింపు వచ్చింది. ఏళ్ల తరబడి రక్షణ ఇస్తుంది, అయితే నూటికి నూరు కాదు, షిగెల్లాకీ ఫ్రైడ్ రైస్‌కీ అది పనిచేయదు. ఇప్పుడు జ్వరం ఉంటే పూర్తిగా తగ్గాక వేయించుకోండి. ఇంటికెళ్లినప్పుడు డబ్బులు అడగడానికి మొహమాటపడకండి, రెండుసార్లు మీకైన ఆసుపత్రి ఖర్చు ముందు ఇది చిన్నదే.

డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ నాకు తెలుసు, రోజుకి వంద రూపాయల్లో సర్దుకునే పిల్లలే ఎక్కువ ఆ ఏరియాలో. మధ్యాహ్నం జీహెచ్ఎంసీ 5 రూపాయల క్యాంటీన్ దగ్గర్లో ఉంటే అక్కడ వేడిగా ఉన్నప్పుడు తినండి, సిగ్గుపడాల్సిందేం లేదు. రాత్రికి వేడి ఇడ్లీనో, రెండు గుడ్ల ఆమ్లెట్టో, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, పచ్చడీ పక్కన పెట్టుకుంటే మెస్ అన్నం కూడా దిగుతుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం "తినట్లేదు" అని అబద్ధం చెప్పకండి, ఏం తింటున్నారో చెప్పండి, వాళ్ల భయం తెలీకపోవడం వల్లే ఎక్కువ.

ఆ రెండు రిపోర్టులు మీ దగ్గరుంటే పేరు కనిపించకుండా ఫొటో తీసి కింద పెట్టండి. రెండుసార్లూ జ్వరం ఏ తేదీన మొదలైంది, టెస్ట్ ఎన్నో రోజు చేశారు, అప్పటికి ఏమైనా యాంటీబయాటిక్ వేసుకున్నారా, ఇవి కూడా రాయండి. గ్యాస్ ట్యాబ్లెట్ వాడుతుంటే దాని పేరు, ఎన్నాళ్లనుంచో కూడా. రాత్రి ఓపీ అయ్యాక చూసి చెప్తా.